బడి భవనమే తొలి పాఠ్యపుస్తకం

సూరత్ నుంచి నవసారి వెళ్లే దారిలో సచిన్ పట్టణం ఉంది. 1791లో ఏర్పడి, సిద్దీ నవాబుల ఏలుబడిలో సాగిన ఒక చిన్న సంస్థానానికి అది ఒకప్పుడు కేంద్రం. నేడు అది బట్టల అద్దకం, నేత, రసాయనాలు, వజ్రాల పరిశ్రమలకు నెలవు. గుజరాత్ పారిశ్రామికాభివృద్ధి సంస్థ నెలకొల్పిన పారిశ్రామికవాడ, దేశంలో ప్రైవేటు రంగాన ఏర్పడిన తొలి ప్రత్యేక ఆర్థిక మండలి అక్కడే ఉన్నాయి. దేశానికి బట్టనిచ్చే ఈ పట్టణం కొన్నేళ్లుగా పత్రికల కెక్కుతున్నది మాత్రం వేరే కారణాలతో.

2022 జనవరి 6న తెల్లవారుజామున ఒక ట్యాంకరు నుంచి రసాయన వ్యర్థాలను పారిశ్రామికవాడలోని కాలువలోకి వదిలారు. వెలువడిన విషవాయువు పక్కనే ఉన్న అద్దకం మిల్లు కార్మికులను చుట్టుముట్టింది. ఆరుగురు ప్రాణాలు విడిచారు; ఇరవై మందికి పైగా ఆస్పత్రి పాలయ్యారు. 2023 నవంబరులో అదే వాడలోని ఒక రసాయన కర్మాగారంలో పేలుడు సంభవించి మంటలు చెలరేగాయి. ఏడుగురి మృతదేహాలు శిథిలాల్లో బయటపడ్డాయి. 2024 జులై 6న సచిన్ ప్రాంతంలోని పాలీ గ్రామంలో ఆరంతస్తుల నివాస భవనం కూలి ఏడుగురు మరణించారు. ఆ భవనం వయస్సు పదేళ్లయినా నిండలేదు. అందులో అద్దెకున్నవారు బట్టల పరిశ్రమలో పనిచేసే వలస కూలీలు.

ఒక ఘటనలో చంపింది గాలి, మరొకదానిలో నిప్పు, ఇంకొకదానిలో భవనం. మూడింటికీ మూలం ఒక్కటే. మనుషులు పీల్చే గాలి, పారబోసే వ్యర్థం, తలదాచుకునే కప్పు పరస్పరం ముడిపడినవన్న ఎరుక యజమానికీ, అధికారికీ, ఇంజనీరుకూ లోపించింది. ఈ ఎరుకను పసితనంలోనే కలిగించాలన్న ఆశయంతోనే పర్యావరణ విద్యను పాఠశాలల్లో ప్రవేశపెట్టారు. మరి సచిన్ వంటి చోట బడికి వెళ్లే పిల్లవాడికి ఆ విద్య ఏ రూపంలో అందుతున్నది? ఈ ప్రశ్న ఒక్క సచిన్‌కే పరిమితం కాదు. జీడిమెట్ల, పాశమైలారం, పరవాడ వంటి పారిశ్రామికవాడల పరిసరాల్లోని ప్రతి బడికీ ఇది వర్తిస్తుంది.

పుస్తకంలో బందీ అయిన విద్య

పర్యావరణ విద్యకు సంబంధించి మన దేశంలో ఉత్తర్వులకు కొదవ లేదు. ఎం.సి.మెహతా దాఖలు చేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 1991 నవంబరు 22న తీర్పునిస్తూ, పాఠశాల నుంచి విశ్వవిద్యాలయం దాకా పర్యావరణాన్ని బోధనాంశం చేయాలని ఆదేశించింది. ఆదేశం అమలు నత్తనడకన సాగుతుండటంతో 2003 డిసెంబరులో మరోసారి జోక్యం చేసుకొని, జాతీయ విద్యా పరిశోధన శిక్షణ మండలి రూపొందించే పాఠ్యప్రణాళికను రాష్ట్రాలన్నీ అనుసరించాలని స్పష్టం చేసింది. జాతీయ హరిత దళం పేరుతో వేలాది బడులలో పర్యావరణ సంఘాలు కూడా ఏర్పడ్డాయి.

ఈ విషయంలో గుజరాత్‌కు ప్రత్యేక స్థానముంది. కేంద్ర ప్రభుత్వ తోడ్పాటుతో 1984లో పర్యావరణ విద్యా కేంద్రం వెలసింది అహ్మదాబాదులోనే. 1977లో జార్జియాలోని టిబిలిసి నగరంలో ఐక్యరాజ్యసమితి సంస్థలు నిర్వహించిన సదస్సు పర్యావరణ విద్యకు అంతర్జాతీయ స్థాయిలో రూపురేఖలు దిద్దింది. ముప్పై ఏళ్ల తర్వాత, 2007 నవంబరులో, ఆ పరంపరలోని నాలుగో సదస్సుకు అహ్మదాబాదే ఆతిథ్యమిచ్చింది. పర్యావరణం గురించి బోధించడం ఒకటి, పర్యావరణంలో ఉంచి బోధించడం మరొకటి, పర్యావరణం కోసం బోధించడం ఇంకొకటి అన్నది ఈ రంగంలో పాతుకుపోయిన సూత్రం. మన బడులు మొదటి మెట్టు వద్దే ఆగిపోయాయి.

ఫలితం ఎలా ఉన్నదో ఊహించడం కష్టం కాదు. నీటిని పొదుపు చేయాలని పుస్తకం చెబుతుంది. కారే కుళాయి కింద బడి ఆవరణ బురదమయమవుతుంది. తడి చెత్త, పొడి చెత్త వేరుచేయాలని పరీక్షలో ప్రశ్న వస్తుంది. మధ్యాహ్న భోజనం మిగులును, చిరిగిన కాగితాలను కలిపి ప్రహరీ పక్కన తగలబెడతారు. చెట్లు నాటే ఉత్సవం ఏటా జరుగుతుంది. నిరుటి గుంతలోనే ఈ యేడు మొక్క కూడా పడుతుంది. పిల్లలు చెప్పింది వినరు, చూసింది నేర్చుకుంటారు. పుస్తకానికీ భవనానికీ పొత్తు కుదరనప్పుడు వారి మనసులో నిలిచేది భవనం చెప్పిన పాఠమే.

వలస వచ్చిన పిల్లల బడి

సూరత్‌తో తెలుగువారికి ఉన్న అనుబంధం చిన్నది కాదు. తెలంగాణ జిల్లాల నుంచి మగ్గాన్ని నమ్ముకున్న పద్మశాలి కుటుంబాలు దశాబ్దాలుగా అక్కడికి తరలి వెళ్లాయి. లింబాయత్, ఉధనా వంటి పేటల్లో తెలుగు వినపడుతుంది. సూరత్ నగరపాలక సంస్థ గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా, ఆంగ్లంతో పాటు తెలుగు మాధ్యమంలో కూడా ప్రాథమిక పాఠశాలలు నడుపుతున్నది. పరాయి రాష్ట్రంలో మాతృభాషలో చదువు చెప్పించే ఈ ఏర్పాటు మెచ్చుకోదగినది. ఒడిశా, ఉత్తరప్రదేశ్, బీహార్, మహారాష్ట్రల నుంచి వచ్చిన కార్మికుల సంతానం కూడా ఇటువంటి బడుల్లోనే చదువుతున్నది.

ఈ పిల్లల ఇళ్లు ఇరుకు గదులు. తండ్రి మరమగ్గం మీద పన్నెండు గంటల షిఫ్టు ముగించుకొని వచ్చి నిద్రపోయే వేళకు పిల్లవాడు బయటికి పోవాలి. చెట్టు నీడ, ఆడుకునే జాగా, గాలి ఆడే గది, శుభ్రమైన మరుగుదొడ్డి అతనికి దొరికే చోటు ఏదైనా ఉంటే అది బడి ఒక్కటే. సంపన్నుడి బిడ్డకు మంచి బడి భవనం అదనపు సౌకర్యం. వలస కూలీ బిడ్డకు అది రోజులో ఆరు గంటల ఆరోగ్యం. పర్యావరణ హితమైన నిర్మాణం విలాసమని భావించేవారు ఈ తేడాను గమనించాలి.

సచిన్, కనక్‌పూర్-కన్‌సాడ్ పురపాలికలను 2020లో సూరత్ నగరపాలక సంస్థ పరిధిలో కలిపారు. అంతకుముందు చిన్న పురపాలికకు లేని ఆర్థిక స్తోమత, సాంకేతిక సిబ్బంది ఇప్పుడు ఈ పట్టణానికి అందుబాటులో ఉన్నాయి. విలీనం వల్ల పన్నులు పెరిగితే చాలదు, బడి కూడా పెరగాలి.

‘అన్ని ఋతువుల’ భవనం

బడి భవనం ఎలా ఉండాలో 2009 నాటి విద్యాహక్కు చట్టం అనుబంధంలో పేర్కొన్నారు. అన్ని ఋతువులకూ తట్టుకునే భవనం, ఉపాధ్యాయుడికొక గది, బాలబాలికలకు వేర్వేరు మరుగుదొడ్లు, రక్షిత మంచినీరు, వంటగది, ఆటస్థలం, ప్రహరీ ఉండాలని చట్టం నిర్దేశించింది. ఆచరణలో ‘అన్ని ఋతువులు’ అనే మాటకు వాన కురిస్తే కారనిది అన్న అర్థం మాత్రమే మిగిలింది. ఎండకాలం కూడా ఒక ఋతువేనన్న సంగతి ఇంజనీరు అంచనా పట్టికలో కానరాదు. గదిలో ఎంత వేడి ఉండవచ్చు, గాలి ఎటునుంచి రావాలి, బల్ల మీద ఎంత వెలుతురు పడాలి అన్నవాటికి ఆ అనుబంధంలో కొలమానం లేదు.

వేడి చదువును దెబ్బతీస్తుందనడానికి శాస్త్రీయ ఆధారాలున్నాయి. అమెరికాలో సుమారు కోటిమంది విద్యార్థుల మార్కులను పరిశీలించి 2020లో వెలువరించిన అధ్యయనం ప్రకారం, శీతలీకరణ లేని బడుల్లో ఏడాది సగటు ఉష్ణోగ్రత ఒక ఫారన్‌హీట్ డిగ్రీ పెరిగితే ఆ ఏడాది నేర్చుకునే దానిలో ఒక శాతం తరిగిపోయింది. మండుటెండల భారతదేశంలో ఈ నష్టం తక్కువగా ఉంటుందని అనుకోవడానికి కారణం లేదు. 2010 మే నెల వడగాలులకు అహ్మదాబాదులో భారీగా మరణాలు సంభవించాక, 2013లో ఆ నగరం దేశంలోనే తొలిసారిగా వేడిని ఎదుర్కొనే కార్యాచరణ ప్రణాళికను రూపొందించుకున్నది. కప్పులకు తెల్లసున్నం వేయించడం ఆ నగరం చేపట్టిన చర్యల్లో ఒకటి.

తెల్లకప్పు కొత్త కనిపెట్టేమీ కాదు. పగిలిన తెల్ల పింగాణీ ముక్కలను డాబా మీద పరిచే పద్ధతి గుజరాత్ మేస్త్రీలకు చిరకాలంగా తెలుసు. 2018లో ప్రిట్జ్‌కర్ పురస్కారం అందుకున్న వాస్తుశిల్పి బాలకృష్ణ దోషి అహ్మదాబాదులో తన కార్యాలయం ‘సంగత్’ కప్పును అలాగే కట్టించారు. వేసవి ఎండలో కాంక్రీటు కప్పు కాగిపోతుంది. తెల్లకప్పు ఎండలో అధికభాగాన్ని తిప్పిపంపి, గదిలో వేడిని రెండు నుంచి అయిదు డిగ్రీల దాకా తగ్గించగలదు. తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని కప్పుల విధానాన్ని ప్రకటించి ప్రభుత్వ భవనాలను దాని పరిధిలోకి తెచ్చింది. ఆ విధానం మొదట చేరవలసిన చోటు సచివాలయం కాదు, పాఠశాల.

ఖర్చు ఒకరిది, ఆదా మరొకరిది

మంచి భవనానికి ఖర్చు ఎక్కువన్నది సాధారణంగా వినిపించే అభ్యంతరం. నిజానికి అడ్డుపడుతున్నది ఖర్చు కాదు, పద్దు. భవనం కట్టే సొమ్ము ఒక పద్దు నుంచి వస్తుంది. దాని కరెంటు బిల్లు, మరమ్మతులు, నీటి ఖర్చు వేరే పద్దు నుంచి వస్తాయి. మొదటి పద్దును చూసే ఇంజనీరుకు అతి తక్కువ ధర కోట్ చేసిన గుత్తేదారును ఎంపిక చేయడంతో బాధ్యత తీరుతుంది. కిటికీకి రెండడుగుల నీడపట్టు తగ్గించి అతడు మిగిల్చిన సొమ్మును, పాతికేళ్లపాటు ఫంకాలకూ దీపాలకూ ప్రధానోపాధ్యాయుడు చెల్లిస్తూ పోతాడు. ఒకరు పొదుపు చేసినట్టు లెక్కలో కనిపిస్తుంది, మరొకరు నష్టపోయినట్టు ఎక్కడా కనిపించదు. ప్రజాధనానికి మాత్రం రెండుసార్లు గండి పడుతుంది.

సమగ్ర శిక్ష కింద ఒక బడికి ఏటా అందే మిశ్రమ నిధి విద్యార్థుల సంఖ్యను బట్టి గరిష్ఠంగా లక్ష రూపాయలు. అందులో కనీసం పదో వంతును పరిశుభ్రతకు కేటాయించాలి. ఈ పరిమితిలోనే సుద్దముక్క నుంచి కుళాయి మరమ్మతు దాకా అన్నీ సాగాలి. కనుక నిర్వహణ ఖర్చును తగ్గించే భవనాన్ని మొదటే కట్టడం దాతృత్వం కాదు, లెక్క తెలిసిన గృహస్థు చేసే పని. భవనానికి మంజూరు ఇచ్చేటప్పుడే పాతికేళ్ల కరెంటు, నీరు, మరమ్మతుల ఖర్చును కలిపి చూసే పద్ధతిని రాష్ట్ర ప్రభుత్వాలు ప్రవేశపెట్టడం అత్యవసరం. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో ‘నాడు-నేడు’, తెలంగాణలో 2022లో ‘మన ఊరు-మన బడి’ పేర్లతో వేలాది బడుల మరమ్మతులకు పెద్దయెత్తున నిధులు వెచ్చించారు. మరుగుదొడ్లు, మంచినీరు, విద్యుత్తు, రంగులు వంటి అంశాలకు వాటిలో చోటు దక్కింది. అది హర్షణీయం. ఇకముందు చేపట్టే ఏ పథకంలోనైనా నీడ, గాలి, వాననీరు కూడా ఆ జాబితాలో చేరాలి.

సచిన్‌కు తగిన నమూనా

సచిన్ వంటి చోట బడి కట్టదలచినవారు ముందుగా సూర్యుణ్ణి, గాలిని, వాననూ పరిశీలించాలి. తూర్పు, పడమర గోడల మీద ఎండ ఏటవాలుగా పడుతుంది. నీడపట్టుతో దాన్ని ఆపడం కష్టం. అందుచేత భవనాన్ని తూర్పు పడమరలుగా పొడవుగా సాగదీసి, కిటికీలను ఉత్తర దక్షిణాలకు పెట్టడం మేలు. ఎదురెదురు కిటికీలు ఉంటే సముద్రం మీదుగా వచ్చే నైరుతి గాలి గదిలో ఆగకుండా సాగిపోతుంది. అయితే కర్మాగారాల నుంచి వీచే గాలి బడిలోకి దూసుకురాకుండా స్థలం ఎంచుకోవడం అంతకన్నా ముఖ్యం. రసాయన కర్మాగారానికీ బడికీ మధ్య ఎడం ఎంత ఉండాలో పట్టణ ప్రణాళికలోనే తేల్చాలి. చౌకగా వచ్చిందని దొరికిన స్థలంలో కట్టేస్తే ఏ వాస్తుశిల్పమూ కాపాడలేదు.

ఇక వాననీరు. సూరత్ ప్రాంతంలో ఏటా సగటున సుమారు 1,200 మిల్లీమీటర్ల వాన కురుస్తుంది. అయిదు వందల చదరపు మీటర్ల కప్పు మీద పడేది ఆరు లక్షల లీటర్లు. అందులో అయిదో వంతు వృథా పోయినా 4 లక్షల 80 వేల లీటర్లు దక్కుతాయి. ఆరు వందల మంది ఉన్న బడిలో తలకు రోజుకు నాలుగు లీటర్ల చొప్పున లెక్కిస్తే ఇది రెండు వందల రోజుల అవసరం. అంత నీటిని నిల్వచేసే తొట్టె కట్టడం ఏ బడికీ సాధ్యం కాదు. పైగా పారిశ్రామికవాడలో కప్పు మీద మసి, రసాయనపు ధూళి పేరుకుంటాయి. తొలివానలను వదిలివేసి, తర్వాతి నీటిని పరీక్షించి, మరుగుదొడ్లకూ మొక్కలకూ వాడి, మిగిలినదాన్ని శుద్ధమని తేలాకే భూమిలోకి ఇంకించాలి. ఈ లెక్కంతా ఏడో తరగతి విద్యార్థి చేయగలడు. కప్పును టేపుతో కొలిచి, వర్షమాపకంలో నీటిమట్టం రాసుకొని, గుణించి చూసిన పిల్లవాడికి నీటి విలువ గురించి వేరే ఉపన్యాసం అక్కరలేదు.

భవనాన్నే బోధన పరికరంగా మలచే ఆలోచనకు మన దేశంలోనే రూపమిచ్చారు. ఢిల్లీకి చెందిన ‘విన్యాస్’ సంస్థ యునిసెఫ్ తోడ్పాటుతో రూపొందించిన ‘బాలా’ పద్ధతిలో తలుపు తెరుచుకునే చోట నేల మీద కోణాలు గీస్తారు. కిటికీ ఊచలు అక్షరాల వంపులను అనుసరిస్తాయి. నీడ కదలికతో కాలం తెలుస్తుంది. సర్వశిక్షా అభియాన్ కాలంలో ఈ పద్ధతి అనేక రాష్ట్రాలకు చేరింది. చాలా చోట్ల గోడ మీద బొమ్మలు వేయడంతోనే అది ముగిసిపోవడం శోచనీయం. కరెంటు మీటరును తాళం వేసిన గదిలో కాక పిల్లల కంటికి ఆనేచోట బిగించి, నెలనెలా అంకెను నల్లబల్ల మీద రాయించడం అంతకన్నా విలువైన పాఠం.

తెలుగునాట రిషివ్యాలీ ఇందుకు నిదర్శనం. జిడ్డు కృష్ణమూర్తి మదనపల్లె సమీపంలో నెలకొల్పిన ఆ పాఠశాల, కరవు సీమలోని బోడికొండల మధ్య దశాబ్దాలపాటు చెట్లు పెంచింది, నీటిని నిలిపింది. 1991 నాటికి ఆ లోయ పక్షుల సంరక్షణ ప్రాంతంగా ప్రకటన పొందింది. అక్కడి విద్యార్థులకు పర్యావరణం ఒక పీరియడ్ కాదు, కిటికీ బయట కనిపించే దృశ్యం. అంతటి స్థలం సచిన్‌లో దొరకదు. ప్రహరీ వెంట వేపనూ కానుగనూ పెంచడానికి మాత్రం లోయ అక్కరలేదు.

భద్రత కూడా పర్యావరణమే

2020 మే 7న విశాఖపట్నం ఆర్.ఆర్.వెంకటాపురంలో స్టైరీన్ ఆవిరి లీకై పన్నెండు మంది మరణించారు. అప్పుడు పరుగెత్తినవారిలో చాలామందికి ఎటు పరుగెత్తాలో తెలియదు. ఇటువంటి వాయువుల్లో అనేకం గాలి కన్నా బరువైనవి. అవి నేలబారున, పల్లాల్లో పేరుకుంటాయి. గాలికి అడ్డంగా కదలాలి, మెరకకు చేరాలి, ముక్కుకు తడిబట్ట అడ్డుపెట్టుకోవాలి. పారిశ్రామికవాడ బడిలో ఇది ఎక్కాల మాదిరిగా కంఠతా రావలసిన విషయం. డాబా మీద ఒక గాలిసంచి కడితే గాలివాటం తెలుస్తుంది. అది విజ్ఞానపాఠమూ అవుతుంది, ఆపదలో దారిదీపమూ అవుతుంది.

సూరత్ సర్థాణాలో 2019 మే 24న వాణిజ్య సముదాయం పైభాగాన నడుస్తున్న శిక్షణ కేంద్రం అగ్నికి ఆహుతై 22 మంది విద్యార్థులు బలయ్యారు. పైకి వెళ్లే చెక్కమెట్లు కాలిపోవడంతో పిల్లలు కిటికీల నుంచి దూకారు. తమిళనాడులోని కుంభకోణంలో 2004లో 94 మంది పసివాళ్లు పూరికప్పు కింద కాలిపోయిన విషాదం దరిమిలా, బడి భవనాల భద్రతపై సుప్రీంకోర్టు 2009లో స్పష్టమైన ఆదేశాలిచ్చింది. అయినా పదేళ్లకు సర్థాణా జరిగింది. కిటికీ నుంచి గాలి వస్తుందా, మెట్లు రెండున్నాయా అన్న ప్రశ్నలు వేర్వేరు శాఖలవి కావు. చల్లగా ఉండే భవనం, కాలిపోని భవనం, కూలిపోని భవనం ఒకే శ్రద్ధ నుంచి పుట్టుకొస్తాయి.

పతకం కాదు, పద్ధతి కావాలి

హరిత భవనాలకు మన దేశంలో ఆదరణ పెరిగింది. హైదరాబాదులో 2004లో ప్రారంభమైన సి.ఐ.ఐ. హరిత వ్యాపార కేంద్రం, అమెరికా వెలుపల ‘లీడ్ ప్లాటినం’ శ్రేణి పొందిన తొలి భవనంగా ఖ్యాతి గడించింది. సూరత్‌లోనే 2023 డిసెంబరులో ప్రారంభమైన వజ్రాల బోర్సులో నేల అడుగున చల్లటి నీటిని ప్రవహింపజేసి గదులను చల్లబరిచే ఏర్పాటు చేశారు. వజ్రాల వ్యాపారికి చల్లదనం అందించగలిగిన నగరానికి అద్దకం కార్మికుడి బిడ్డకు నీడ కల్పించడం అసాధ్యమంటే నమ్మేదెవరు?

అయితే ఈ శ్రేణులు, ధ్రువపత్రాల వెంటపడటంలో ఒక ప్రమాదముంది. రుసుము చెల్లించగల ప్రైవేటు బడులు పతకాలు సంపాదించుకుంటాయి. పురపాలక బడులు దరఖాస్తు కూడా చేయవు. అద్దాల గోడలు కట్టి, ఏసీలు బిగించి, పైన నాలుగు సౌరఫలకాలు పెట్టి హరిత ప్రాంగణమని ప్రకటించుకునే ధోరణి కూడా ప్రబలుతోంది. అది పిల్లలకు నేర్పేది పర్యావరణం కాదు, ప్రచారం. ఉపాధ్యాయుల నుంచి వచ్చే మరో అభ్యంతరాన్ని మాత్రం తోసిపుచ్చరాదు. జనాభా లెక్కల నుంచి ఎన్నికల విధుల దాకా మోసే ఉపాధ్యాయుడి నెత్తిన మీటర్లు, తొట్టెలు, మొక్కల బాధ్యత కూడా మోపితే అతడేం చేయగలడు? నగరపాలక సంస్థ నిర్వహణ సిబ్బందిని నియమించి, పిల్లల పనిని కొలవడానికీ పరిశీలించడానికీ పరిమితం చేస్తేనే ఇది నిలుస్తుంది. బడి ఊడ్పించడం పర్యావరణ విద్య అనిపించుకోదు.

సూరత్‌కు ఇది సాధ్యమా అని సందేహించేవారు ఆ నగర చరిత్రను ఒక్కసారి తిరగేయాలి. 1994 సెప్టెంబరులో ప్లేగు భయంతో లక్షలాది జనం మూటాముల్లె సర్దుకొని సూరత్‌ను విడిచి పారిపోయారు. మరుసటి ఏడాది కమిషనర్‌గా వచ్చిన ఎస్.ఆర్.రావు అధికారులను ఉదయాన్నే కార్యాలయాల నుంచి వీధుల్లోకి నడిపించారు. రెండేళ్లు తిరక్కుండానే సూరత్ దేశంలోని అత్యంత పరిశుభ్ర నగరాల సరసన చేరింది. 2023 స్వచ్ఛ సర్వేక్షణ్‌లో ఇండోర్‌తో కలిసి ప్రథమ స్థానాన్ని పంచుకున్నది. కొత్త చట్టమేదీ రాలేదు. ఉన్న అధికారాన్ని ఉన్న ఉద్యోగులతోనే వినియోగించారు.

ఆనాడు వీధులకు జరిగింది నేడు బడులకు జరగాలి. కొత్తగా కలిసిన సచిన్‌లోనే దానికి శ్రీకారం చుట్టడం సముచితం. ఒక్క ఏడాదిలో ప్రతి పురపాలక బడి కప్పుకూ తెల్లపూత, ప్రతి కిటికీకీ నీడపట్టు, ప్రతి ఆవరణకూ చెట్లవరుస, ప్రతి తరగతికీ ఆపదవేళ సాధన ఏర్పరచడం ఆ నగరపాలక సంస్థకు తలకు మించిన భారం కాదు. తెలుగు రాష్ట్రాల పాలకులకు కూడా ఇందులో గుణపాఠం ఉంది. సచిన్ కాలువలోకి విషం వదిలినవారూ, పాలీలో నాసిరకం భవనం కట్టినవారూ ఏదో ఒక బడిలో చదువుకున్నవారే. వారికి ఆ బడి ఏం నేర్పిందో దేశం చూసింది. రేపటి తరానికైనా బడి గోడలు అబద్ధం చెప్పకుండా చూడటం నేటి పాలకుల కనీస ధర్మం.